ముసలి గేదెకు హార్మోన్ ఇంజెక్షన్ వేయించవచ్చా?

ప్రశ్న: మా ముర్రా గేదె ఎనిమిదో ఈత ఈని రెండు నెలలైంది. అప్పటి నుంచి పొదుగువాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. వయసు మీద పడి రోగనిరోధక శక్తి తగ్గిందని, పెరుగుదల హార్మోన్ ఇంజెక్షన్ వేస్తే కుదురుకుంటుందని ఒకరు చెప్పారు. వేయించమంటారా?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: వేయించవద్దండి. మీరు విన్న మాటకు కొంత ఆధారం ఉన్నా, అది మీ గేదెకు పనికివచ్చేది కాదు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వచ్చే పెరుగుదల హార్మోన్, ప్రొలాక్టిన్ అనేవి థైమస్ గ్రంథికి ఊతమిస్తాయి. రోగక్రిములను గుర్తుపట్టే టి-కణాలు తయారయ్యేది ఆ గ్రంథిలోనే. పశువు ఎదకు వచ్చే ఈడు దాటాక థైమస్ క్రమంగా కుంచించుకుపోతుంది. 1986లో అమెరికాలో కీత్ కెల్లీ బృందం ఈ రెండు హార్మోన్లను స్రవించే కణాలను ముసలి ఎలుకలలో ప్రవేశపెట్టగా, వాటి థైమస్ తిరిగి పెరిగింది. అయితే పాడి పశువులలో జరిగింది వేరు. పాల దిగుబడి పెంచడానికి అమెరికా 1993లో అనుమతించిన పెరుగుదల హార్మోన్ మందు పత్రంలోనే పొదుగువాపు ముప్పు పెరుగుతుందన్న హెచ్చరిక ఉంది. కెనడా 1999లో పశువుల ఆరోగ్యం దృష్ట్యా ఆ మందును నిరాకరించింది.

మీరు నిజంగా పట్టించుకోవలసినది పీయూష గ్రంథి నుంచే వచ్చే ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్‌ను. ఈత నొప్పులు, తీవ్రమైన ఎండ, దూర ప్రయాణం, బెదిరింపు వంటి ఒత్తిళ్లలో అది అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. అప్పుడు రక్తంలో నుంచి పొదుగులోకి చేరి క్రిములను మింగవలసిన తెల్లకణాలు మందగిస్తాయి. వయసును వెనక్కి తిప్పలేము గాని, ఈ ఒత్తిడిని తగ్గించడం మన చేతిలో ఉంది. నీడ, చల్లని నీరు, పొడి నేల తప్పనిసరి. వాపు తగ్గించడానికని డాక్టరు చెప్పకుండా వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కార్టిసాల్ చేసే పనే చేస్తాయి కాబట్టి వాటిని అసలు రానివ్వకండి.

ముసలి గేదెలలో చనుమొనల రంధ్రాలు వదులై క్రిములు తేలికగా లోపలికి వెళ్తాయి. పాలు పితికిన వెంటనే చనుమొనలను అయోడిన్ మందులో ముంచి, మేత వేసి అరగంట సేపు పడుకోకుండా చూడండి. పాల నమూనాను పరీక్షకు పంపి, ఏ యాంటీబయోటిక్ పనిచేస్తుందో తెలిసిన తరువాతే పూర్తి కోర్సు వాడించండి. ఇంతవరకు వాపు తిరగబెట్టడానికి సగంలో ఆపిన మందే కారణం కావచ్చు. రోజుకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమం ఇవ్వండి. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేళకు వేయించండి. మళ్లీ చూడి కడితే ఈతకు 60 రోజుల ముందు పాలు ఆపి, నాలుగు చన్లకూ ఆ దశకు వాడే యాంటీబయోటిక్ ట్యూబులు మీ పశువైద్యుని చేత ఎక్కించండి.