కొట్టులో కొన్న గుడ్డులో పిల్ల ఉంటుందా?

ప్రశ్న: కిరాణా కొట్టులో కొన్న గుడ్డును పగలగొడితే పచ్చసొన మీద ఎర్రటి చుక్క కనిపించింది. పిల్ల కాబోయే గుడ్డని మా అత్తగారు పారేయించారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కాదండీ. కొట్లలో అమ్మే తెల్ల గుడ్లు లేయర్ ఫారాల (గుడ్ల కోసమే కోళ్లను పెంచే ఫారాల) నుంచి వస్తాయి. అక్కడ పెట్టలే తప్ప పుంజులు ఉండవు. పుంజు లేకపోయినా పెట్ట సుమారు 25 గంటలకొక గుడ్డు చొప్పున పెడుతూనే ఉంటుంది కనుక, అలాంటి గుడ్లను ఎన్నాళ్లు పొదిగించినా పిల్లలు రావు. మీరు చూసిన ఎర్రచుక్క, గుడ్డు తయారయ్యే వేళ పెట్ట శరీరంలో సన్నని రక్తనాళం చిట్లడం వల్ల ఏర్పడుతుంది. దాన్ని చెంచాతో తీసేసి గుడ్డును వండుకోవచ్చు. ఈ సంగతి అత్తగారికి చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం.

పెరట్లో పుంజుతో కలిసి తిరిగే నాటుకోళ్ల గుడ్లు మాత్రం ఫలదీకరణం చెందినవి కావచ్చు. పచ్చసొన మీద ప్రతి గుడ్డులోనూ ఉండే చిన్న తెల్లమచ్చ వలయంలా గుండ్రంగా కనిపిస్తే అది ఫలదీకరణం జరిగిన గుడ్డు. అయినా దాదాపు 37.5 డిగ్రీల వెచ్చదనం 21 రోజులు అందితేనే పిల్ల బయటికి వస్తుంది. మన తిరుపతి, చిత్తూరు ఎండలకు పిండం కొంత ఎదగడం మొదలుపెట్టవచ్చు కాబట్టి, వేసవిలో నాటు గుడ్లను గంపలో వదిలేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.