శిల్పం చదువుతానంటాడు, మట్టి మాత్రం ముట్టుకోడు

ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ దగ్గరున్న పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ రాశారు. బాబు ప్లస్ టూ రెండో ఏడాది, సైన్స్ గ్రూపు. ఆ తర్వాత శిల్పమే చదువుతానని పట్టుబట్టి కూర్చున్నాడట. "మట్టి ముట్టుకోడు సార్, ఎప్పుడు చూసినా నోట్‌బుక్‌లో గీతలే, అవీ సగం సగం బొమ్మలు, ఒకే గేదెని ఇరవైసార్లు గీస్తాడు, ఇది టైమ్ వేస్ట్ కాదా?" అని అడిగి, నాలుగు పేజీల ఫోటోలు పంపారు.

అమ్మా, మూడో పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చెరువు గట్టున పడుకున్న గేదె. వెనకనుంచి ఒకటి, పక్కనుంచి రెండు, చెట్టెక్కి చూస్తే ఎలా ఉంటుందో ఊహించి ఇంకొకటి. చివరి బొమ్మలో గేదెని వదిలేసి, మడిచిన ముందుకాలికీ పొట్టకీ మధ్య మిగిలిన ఖాళీని మాత్రం పెన్సిల్‌తో నల్లగా నింపాడు. చూసి అచ్చం అలాగే దించేద్దామనుకునే పిల్లలకి ఆ ఆలోచన రాదు. కనపడని వైపు ఎలా ఉంటుందో వెతుక్కుంటున్నాడు మీవాడు. రాతిలోంచి తీసేసిన ముక్క మళ్ళీ అతకదు కదా, అందుకే ఆ తప్పులన్నీ ముందు కాగితం మీద చేసుకోవాలి.

ఇంగ్లండ్‌లో హెన్రీ మూర్ అనే పెద్ద శిల్పి ఉండేవారు. బొగ్గుగని కార్మికుడి కొడుకు. నాన్న ముందు టీచర్ ఉద్యోగం చూసుకోమంటే అదీ చేసి, యుద్ధానికి వెళ్ళొచ్చి, 1919లో లీడ్స్‌లో ఆర్ట్ స్కూల్లో చేరారు. 1921లో లండన్ వెళ్ళాక బ్రిటిష్ మ్యూజియంలో మెక్సికో, ఆఫ్రికా శిల్పాల ముందు నిలబడి నోట్‌బుక్కులు నింపారు. అప్పటి పేజీల్లో చిన్న చిన్న బొమ్మలు బోలెడు, ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టినట్టుంటాయి, వాటిలో ఏ ఒక్కటో రాయి దాకా వెళ్ళేది. 1930ల నుంచి ఆయన శిల్పాల్లో అటునుంచి ఇటు కనపడే కన్నాలు వచ్చాయి. మీవాడి గేదె చూడగానే నాకు గుర్తొచ్చినవి అవే.

అయితే మీ మాటలోనూ నిజం ఉంది. కాగితం మీద ఒకసారికి ఒక వైపే కనిపిస్తుంది. మూర్ కూడా 1950ల తర్వాత చేతిలో తిప్పి చూసుకునేంత చిన్న ప్లాస్టర్ నమూనాలతోనే ఎక్కువగా పని మొదలుపెట్టేవారు. కాబట్టి బాబుకి కుమ్మరి దగ్గర కొంచెం మట్టి తెచ్చివ్వండి, ఐదు పేజీలు గీస్తే అందులో ఒక బొమ్మని పిడికెడు మట్టిలో చేయాలి, అంతే. మీ ఊళ్ళోనే కొమ్ముపని చేసేవాళ్ళున్నారు, కొమ్ముని వేడిచేసి వంచేటప్పుడు పక్కన కూర్చుని, వంచక ముందు ఒకటి, వంచాక ఒకటి గీయమనండి. సెలవు దొరికితే శ్రీముఖలింగం పంపండి, అక్కడి పాత గుడి మీది రాతి శిల్పాల ముందే కూర్చుని గీయాలి, ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చి ఇంట్లో గీయడం మాత్రం వద్దు.

చదువు సంగతి. గంజాం జిల్లా ఖల్లికోట్‌లో, భువనేశ్వర్‌లో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలున్నాయి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, శాంతినికేతన్‌లో కళాభవన్ సరేసరి. ఆంధ్రాలో అప్లై చేస్తే స్థానికత నిబంధన ముందే చదవండి, మన బోర్డర్ పిల్లలు చివరి నిమిషంలో అక్కడే టెన్షన్ పడతారు. చాలాచోట్ల ప్రాక్టికల్ పరీక్షలో వస్తువుని చూసి గీయమంటారు, రోజూ గీసే చేతికి అది భారం కాదు.

ఒక్క విషయం బతిమాలి చెబుతున్నాను, ఆ నోట్‌బుక్కులు పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి ఇంటర్వ్యూకి నీట్‌గా షేడింగ్ చేసిన బొమ్మలు పట్టుకెళ్ళింది. రఫ్ బుక్ చూపించమన్నారు. అప్పటికే ఇంట్లో కేజీల లెక్కన అమ్మేశారు, బయటికొచ్చి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. ఈ రోజు నుంచి ప్రతి పేజీ మూల తేదీ వేయమనండి. ఆ గేదెని మట్టిలో చేశాక నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి నాకు పంపండి.