ముందు నీ కాలేజీ ఆఫీసుకి వెళ్లు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చి. లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

జపాన్‌లో ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ మీద చదివి రావడం గురించి, దానికి వచ్చే స్కాలర్‌షిప్ గురించి నిన్న ఫోన్లో నువ్వు గడగడా చెప్పుకుపోయావు, నేను ఊ కొట్టాను. ఊ కొట్టి వదిలేసే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. యూనివర్సిటీలో విదేశీ వ్యవహారాల సెక్షన్లో ఏళ్ల తరబడి ఈ ఫైళ్లే చూశాను. ఏ ఫైలు కదులుతుందో, ఏది బీరువాలో పడి ఉంటుందో పైకాగితం చూసే చెప్పగలను.

ముందుగా ఒక మాట. ద్వారకానగర్‌లో ఆ కన్సల్టెన్సీ అబ్బాయి అడిగిన డబ్బు కట్టకు. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఇప్పించడం ఆయన చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది నీకు.

నువ్వు అడిగింది జాస్సో, అంటే జపాన్ స్టూడెంట్ సర్వీసెస్ ఆర్గనైజేషన్ వాళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్. అది జపాన్ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ, 2004లో పెట్టారు. అక్కడి యూనివర్సిటీకి ఎక్స్ఛేంజ్ మీద వచ్చే విదేశీ విద్యార్థికి నెలకి 80,000 యెన్‌లు ఇస్తారు. ఎనిమిది రోజుల కోర్సు దగ్గర్నుంచి ఏడాది వరకు ఏదైనా దీని కిందికి వస్తుంది. అయితే నువ్వు నేరుగా జాస్సోకి దరఖాస్తు పెట్టుకోవడం అనేదే లేదు. నీ కాలేజీకీ జపాన్లో ఒక యూనివర్సిటీకీ మధ్య విద్యార్థుల మార్పిడి ఒప్పందం ఉండాలి. నీ కాలేజీ నిన్ను నామినేట్ చేయాలి, వాళ్లు నిన్ను చేర్చుకోవాలి, ఆ తర్వాత వాళ్లే తమ కోటాలోంచి నీ పేరు జాస్సోకి పంపాలి. పెద్దలు కుదిర్చే సంబంధం లాంటిది ఇది. పిల్ల ఎంత చక్కనిదైనా, రెండిళ్ల మధ్యా మాట నడవకపోతే పీటల దాకా రాదు.

యూరోపియన్ యూనియన్ వాళ్ల ఎరాస్మస్ ప్లస్ పథకం కింద యూరప్‌లో ఒక సెమిస్టర్‌కి వెళ్లడమూ ఇదే పద్ధతి. ఫ్రెంచి ఎంబసీ ఇచ్చే షార్పాక్ ఎక్స్ఛేంజ్‌కీ రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉండి తీరాలి. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలు "ఏ దేశం మంచిది సార్" అని మొదలుపెడితే, "మీ కాలేజీకి ఏ దేశంతో ఒప్పందం ఉంది బాబూ" అని అడిగేవాణ్ణి. చాలామందికి తెలిసేది కాదు. కనుక్కోవచ్చన్న ఆలోచన కూడా ఉండేది కాదు.

నువ్వు కనుక్కో. కానీ అడిగే తీరులో అడగాలి. "మనకి జపాన్‌తో ఎంఓయూ ఉందా సార్" అంటే ఉందనే అంటారు. ప్రిన్సిపాల్ గదిలో శాలువాలు కప్పుకున్న ఫోటో కూడా చూపిస్తారు. ఎంఓయూ అంటే అవగాహన ఒప్పందం, వాటిలో ఎక్కువ భాగం కలిసి పనిచేద్దాం అన్న పైపై మాటలే. దాని కింద విద్యార్థుల మార్పిడికి విడిగా ఒప్పందం రాసుకున్నారా, అది ముఖ్యం. ఉంటే అందులో మూడు విషయాలు చూడమని అడుగు: అక్కడ ట్యూషన్ ఫీజు మాఫీయా కాదా, ఏడాదికి ఎంతమందిని పంపొచ్చు, ఒప్పందం గడువు ఎప్పటి వరకు. గడువు తీరిపోయి ఎవరూ రెన్యువల్ చేయని ఒప్పందాలు నేను బోలెడు చూశాను. అలాంటిది నీకు దొరికినా నిరాశ పడకు. పాత ఒప్పందాన్ని పొడిగించడం కొత్తది రాసుకోవడం కంటే తేలిక. అడిగే విద్యార్థి ఒకరు ఎదురుగా నిలబడితే ఆఫీసుకీ కదలిక వస్తుంది. మీ కాలేజీలో ఈ పని చూసే ఇంటర్నేషనల్ సెల్‌లో కూర్చునే గుమస్తాని చిన్నచూపు చూడకు. డీన్ గారికి తెలియని తేదీలు ఆయనకి తెలుస్తాయి.

ఇప్పుడు మార్కుల సంగతి. నీది సీజీపీఏ బాగానే ఉంది కదా అని ధీమాగా ఉన్నావు. జాస్సో లెక్క వేరు. వాళ్లకి 3కి 2.30 రావాలి, అదీ ముందు ఏడాది మార్కుల మీద. 80, ఆపైన వస్తే 3 పాయింట్లు, 70 నుంచి 79 అయితే 2, 60 నుంచి 69 అయితే 1, ఫెయిలైతే సున్నా. ప్రతి సబ్జెక్టు పాయింట్లనీ దాని క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. నీకు 24 క్రెడిట్లు ఉన్నాయనుకో. పన్నెండు క్రెడిట్లలో 80 దాటావు, ఎనిమిదింట్లో డెబ్బైల్లో ఉన్నావు, నాలుగింట్లో అరవైల్లో ఉన్నావు. పన్నెండు మూళ్లు ముప్పై ఆరు, ఎనిమిది రెళ్లు పదహారు, నాలుగు ఒకట్లు నాలుగు. మొత్తం 56. దాన్ని 24తో భాగిస్తే 2.33. గట్టెక్కావు. అదే ఆ నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు పోయి ఉంటే 52 బై 24, అంటే 2.17. అంతే సంగతులు. ఒక్క సబ్జెక్టుతో ఇంత తేడా. మన గ్రేడుల్ని వాళ్ల గ్రేడుల్లోకి మార్చేది అక్కడి యూనివర్సిటీ, వాళ్ల పట్టిక వాళ్లది. అయినా ఈ లెక్క ముందే వేసుకుంటే నువ్వు ఎక్కడున్నావో తెలుస్తుంది. మనవాళ్లు 65 శాతానికి ఫస్ట్ క్లాస్ అని స్వీట్లు పంచుతారు. వాళ్ల లెక్కలో అది ఒక్క పాయింటు.

ఇంకోటి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. యూనివర్సిటీ నిన్ను ఎక్స్ఛేంజ్‌కి తీసుకోవడం వేరు, స్కాలర్‌షిప్ రావడం వేరు. సీటు వచ్చి, ట్యూషన్ మాఫీ అయ్యి, నెల డబ్బులు మాత్రం రానివాళ్లు ఉంటారు. కోటా అంతంత మాత్రం. కాబట్టి "స్కాలర్‌షిప్ రాకపోయినా వెళ్తానా" అన్నది ఇప్పుడే మీ నాన్నతో కూర్చుని తేల్చుకో. బావ మొహమాటానికి సరే అనేస్తాడు, తర్వాత వడ్డీకి తెస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు.

డబ్బు వచ్చినా అది ఎలా వస్తుందో విను. 80,000 యెన్‌లంటే ఆనాటి రేటుని బట్టి మన డబ్బుల్లో నలభై అయిదు వేలకి అటూ ఇటూ. విమానం టికెట్ ఇవ్వరు. మొదటి నెల డబ్బు వెళ్లిన రోజే చేతికి రాదు. అక్కడ బ్యాంకు ఖాతా తెరవాలి, పేర్లు పంపాలి, నెల రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత కూడా ప్రతి నెలా ఆఫీసుకి వెళ్లి నేనిక్కడే ఉన్నానని సంతకం పెడితేనే ఆ నెల డబ్బు పడుతుంది. టికెట్టు, హాస్టల్ అడ్వాన్సు, మొదటి రెండు నెలల తిండి ఇంట్లోంచే పెట్టుకోవాలి. మూడు నెలలు దాటి ఉండేవాళ్లు అక్కడి జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి, దానికీ నెలనెలా కొంత కట్టాలి. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు. కానీ ఒక్క సెమిస్టర్‌కి వెళ్లి హోటల్లో గిన్నెలు కడుగుతూ కూర్చోవడం నాకు నచ్చదు. నీ ఇష్టం.

డబ్బు కంటే ముందు అడగాల్సింది క్రెడిట్ల గురించి. అక్కడ చదివిన సబ్జెక్టుల్ని ఇక్కడ ఒప్పుకుంటారా? మీది సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే మీ హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్), అకడమిక్ కౌన్సిల్ తేల్చగలరు. విజయనగరం జేఎన్‌టీయూకి అనుబంధంగా మామూలు పద్ధతిలో నడిచే కాలేజీ అయితే యూనివర్సిటీ నుంచే కాగితం రావాలి, దానికి నెలలు పడతాయి. ఏది ఎలా ఉన్నా నోటిమాటతో బయల్దేరకు. ఎరాస్మస్‌లో ఒక మంచి పద్ధతి ఉంది: అక్కడ చదవబోయే సబ్జెక్టులు, వాటికి బదులు ఇక్కడ లెక్కలోకి తీసుకునే సబ్జెక్టులు పక్కపక్కనే రాసి, విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకాలు పెడతారు. నువ్వు వెళ్లేది జపానైనా సరే, అలాంటి కాగితం ఒకటి తయారుచేసి హెచ్‌ఓడీ చేత సంతకం, స్టాంపు వేయించుకో. హెచ్‌ఓడీలు మారిపోతుంటారు. నువ్వు తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటే నీ దగ్గర ఉన్న ఆ కాగితమే మాట్లాడాలి. మన ల్యాబ్ సబ్జెక్టులకి సరిజోడు దొరకడం కష్టం, వాటి గురించి విడిగా అడుగు. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఊళ్లో లేకుండా పోతావేమో కూడా చూసుకో.

పాస్‌పోర్టు లేదన్నావు. ఈ వారమే మర్రిపాలెం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి స్లాట్ తీసుకో. మామూలుగా అయితే 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. నీకు తత్కాల్ అవసరం లేదు. ఫీజు పెద్ద విషయం కాదు, పేరే పెద్ద విషయం. నీ పదో తరగతి మెమోలో "కిల్లి లావణ్య" అని ఇంటిపేరు ముందుంది. ఆధార్‌లో "లావణ్య కె" అని ఉందని మీ అమ్మ చెప్పింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో వస్తాయి. కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో ఒకలా, నామినేషన్ ఫారంలో ఇంకోలా పడిందంటే వీసా దగ్గర అన్నీ ఒక్కరివేనని నిరూపించుకోవడానికి అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. అందుకని ముందు ఆధార్‌ని మెమోకి సరిచేయించు, తర్వాత పాస్‌పోర్టు, ఆ తర్వాత ప్రతి ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయి. మూడు నెలలు మించి ఉండేటట్టయితే జపాన్ యూనివర్సిటీ అర్హత సర్టిఫికెట్ ఒకటి తెప్పించి పంపుతుంది. దాన్ని పెట్టి వీసా అడగాలి. మన రాష్ట్రం చెన్నై కాన్సులేట్ కిందికి వస్తుంది. ఆ సర్టిఫికెట్‌కే నాన్న బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. ముందురోజు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన డబ్బు స్టేట్‌మెంటులో ఇట్టే కనిపిస్తుంది, ఆ పని చేయనివ్వకు.

ఇక నువ్వు పంపిన ఎస్‌ఓపీ, అదే ఎందుకు వెళ్లాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం, చదివాను. "చిన్నప్పటి నుంచి జపాన్ అంటే ఇష్టం" అన్న వాక్యం తీసెయ్. అది నిజమే కావచ్చు, అందరూ అదే రాస్తారు. నువ్వు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నావు, విశాఖలో ఉన్నావు. ఇంటి పక్కనే ఉన్న విషయం వదిలేశావు. ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట నడిచే ఇసుక అక్కడే ఆగిపోయి, ఆర్‌కే బీచ్ కోతకి గురవుతూ వచ్చింది. సముద్రంలోంచి డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకని తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు, అలలు మళ్లీ లాక్కుపోతాయి. నువ్వు చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆ ఇసుక పోసే గొట్టాలే చూశావు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న తీరం దాటినప్పుడు బీచ్ రోడ్డు ఏమైందో కూడా నీకు గుర్తుండాలి. ఇది ఒక పేరాలో రాయి. ఆ తర్వాత నువ్వు వెళ్లాలనుకుంటున్న యూనివర్సిటీ సిలబస్ తెరిచి, తీర రక్షణ మీద వాళ్లు చెప్పే కోర్సులు రెండు పేరుతో సహా రాసి, అవి నీకు ఎందుకో చెప్పు. చాలు. రికమెండేషన్ కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తకు. ఆయనకి నీ మొహం తెలీదు. నీకు పాఠం చెప్పి, నీ రిపోర్టులు దిద్దిన మేడమ్‌ని అడుగు, మూడు వారాల ముందే అడుగు.

ఒప్పందమే లేదని తేలితే? అప్పుడు సెమిస్టర్ సంగతి పక్కనపెట్టి వేసవి ఇంటర్న్‌షిప్‌లు చూడు. వాటికి కాలేజీల మధ్య ఒప్పందం అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ల్యాబ్ నుంచి నిన్ను తీసుకుంటామన్న ఉత్తరం తెచ్చుకుంటే షార్పాక్ ల్యాబ్ స్కాలర్‌షిప్‌కి పెట్టుకోవచ్చు. జర్మనీవాళ్ల వైజ్ కూడా అలాంటిదే, అక్కడి విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ ఇస్తుంది, కానీ వాళ్లు ఎంచుకున్న కాలేజీల జాబితాలో మీది ఉండాలి. కెనడాది మైటాక్స్ గ్లోబలింక్, పన్నెండు వారాలు. ఆ ఏటి దేశాల జాబితా చూసుకుని వేయి. తైవాన్‌లో టీప్ అని ఉంది, అది పెద్దగా ఎవరికీ తెలీదు కాబట్టి పోటీ తక్కువని నా అనుమానం. ప్రొఫెసర్లకి మెయిల్ రాసేటప్పుడు మాత్రం ఒకటే మెయిల్ యాభైమందికి కొట్టకు. వాళ్లకి అర్థమైపోతుంది.

తేదీల విషయానికొస్తే, జపాన్లో సెమిస్టర్లు ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో ఒకటి మొదలవుతాయి. నామినేషన్లు వాటికి ఆరు నెలల ముందే అడుగుతారు. మీ కాలేజీ లోపల ఎంపిక దానికీ ముందే జరుగుతుంది. అంటే వచ్చే అక్టోబర్‌కి నువ్వు ఇప్పటినుంచే కదలాలి.

తిరిగొచ్చేటప్పుడు ఒక పని మర్చిపోకు. అక్కడి మార్కుల జాబితా ఆఫీసు నుంచి ఆఫీసుకి నడిచి రావడానికి చాలా ఆలస్యమవుతుంది. బయల్దేరే ముందే నీ కోర్సుల సిలబస్ కాపీలు, హాజరు కాగితం స్టాంపుతో తీసుకుని సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకో.

మీ అమ్మ నాకు రాత్రి మళ్లీ ఫోన్ చేసింది, "అంత దూరం ఒంటరిగానా అన్నయ్యా" అంటూ. అయిదు నెలలకే తిరిగి వస్తుందని చెప్పాను. ఆ సంగతి నేను చూసుకుంటాలే.

నువ్వు సోమవారం పదకొండు దాటాక మీ ఇంటర్నేషనల్ సెల్‌కి వెళ్లు. పొద్దున్నే వెళ్తే ఎవరూ ఉండరు. ఒప్పందం జిరాక్స్ అడుగు. ఇవ్వకపోతే ఆ మూడు విషయాలైనా నోట్‌బుక్‌లో రాసుకో. నాలుగు సెమిస్టర్ల మెమోలు స్కాన్ చేసి నాకు వాట్సాప్‌లో పంపు, ఆ 2.30 లెక్క నేను కట్టి పెడతాను.

ఇట్లు,
మీ మావయ్య