బ్యాకప్ ఉంటే చాలదు, వీఎం త్వరగా లేవాలి

చిరంజీవి కావ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ల్యాబ్ సర్వర్ బాధ్యత నీ చేతికి వచ్చిందని విని సంతోషమేసింది. "రోజూ రాత్రి బ్యాకప్ అవుతోంది, టెన్షన్ లేదు" అని రాశావు. బ్యాకప్ ఉండటం ఒక సంగతి. పొద్దున్నే ఫాస్టింగ్ శాంపిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు వరసలో నిలబడి ఉండగా, అందులోంచి బిల్లింగ్ వీఎం (వర్చువల్ మెషిన్, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్) లేచి పనిచేయడం ఇంకో సంగతి. అది ఎంతసేపట్లో లేస్తుందన్నది చాలావరకు వీఎంని నువ్వు కట్టిన తీరులోనే తేలిపోతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరునే తుడిచేశాడు. పెట్టుకున్న బ్యాకప్ ఏర్పాట్లు ఒక్కటీ అక్కరకు రాలేదు. అదృష్టం కొద్దీ అంతకు ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ ఒకటి దొరికింది. కానీ అది నెమ్మది డిస్కుల మీద ఉంది, వెనక్కి తేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. జరిగిందంతా వాళ్లే దాచుకోకుండా రాసి పెట్టారు, వీలైతే చదువు.

ముందు నీ లెక్క వేసుకో. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 110 ఎంబీకి మించి ఆశించకు. 500 జీబీ వీఎం రావాలంటే గంటా పావు, అదీ డిస్కులు ఆ వేగానికి తట్టుకుంటేనే. బిల్లింగ్, డేటాబేస్, పదేళ్ల పాత రిపోర్టుల స్కాన్లు అన్నీ ఒకే వీఎంలో పెడితే, అటక మీద సామానంతా దింపితే గానీ పొయ్యి వెలిగించలేని ఇల్లవుతుంది. స్కాన్లని వేరే డిస్కులో పెడితే సరిపోదా అంటావేమో. సరిపోదు. వీఎంలని నడిపే మీ ప్రాక్స్‌మాక్స్‌లో ఒక వీఎంని రీస్టోర్ చేస్తే (బ్యాకప్ నుంచి వెనక్కి తెస్తే) బ్యాకప్‌లో ఉన్న డిస్కులన్నీ కలిసే వస్తాయి. అందుకే పాత రిపోర్టులకు వేరే వీఎం కట్టు. బిల్లింగ్ వీఎం వంద జీబీ లోపు ఉంటే పావుగంటలో వచ్చేస్తుంది. పాత రిపోర్టులు సాయంత్రం వచ్చినా ఎవరూ గొడవ చేయరు.

ఆ తర్వాత గెస్ట్ ఏజెంట్, అంటే బ్యాకప్ తీసేటప్పుడు వీఎం లోపలి డేటాని కుదురుగా ఉంచే చిన్న ప్రోగ్రాం. విండోస్ లోపల దాన్ని ఇన్‌స్టాల్ చేసి, బయట వీఎం ఆప్షన్స్‌లో కూడా ఆన్ చెయ్యి. లోపలి నుంచి రీస్టార్ట్ కొడితే చాలదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏజెంట్ లేకపోతే ఆ బ్యాకప్, నడుస్తున్న మిషన్‌కి కరెంటు లాగేసినప్పటి స్థితిలోనే ఉంటుంది. రీస్టోర్ అయ్యాక డేటాబేస్ తనని తాను సరిచేసుకుంటూ కూర్చుంటుంది, ఒక్కోసారి అసలు లేవదు. దీనికి తోడు గంటగంటకూ డేటాబేస్ డంప్ (డేటా మొత్తం కాపీ ఫైలు) ఒకటి వేరే మిషన్‌లోకి వెళ్లేలా పెట్టు. లేకపోతే సాయంత్రం ఐదింటికి సర్వర్ పోతే పొద్దున్నించీ కొట్టిన బిల్లులన్నీ పోతాయి. స్నాప్‌షాట్ (ఆ క్షణంలో వీఎం ఎలా ఉందో పట్టి ఉంచేది) ఉందిగా అనుకోకు. అది అదే స్టోరేజీ మీద ఉంటుంది, స్టోరేజీ పోతే దానితోపాటే పోతుంది.

ఇక అసలు చికాకు. సర్వరే పోయిందనుకో, స్టాండ్‌బై మిషన్ (అవసరానికి పక్కన ఉంచుకున్నది) మీద లేపాలి. అక్కడ వీఎంని పట్టి ఆపేవి చాలా చిన్న విషయాలు. ఎప్పుడో సీడీ డ్రైవ్‌కి తగిలించి మరిచిపోయిన ఐఎస్‌ఓ ఫైలు (సీడీకి బదులు వాడేది) కొత్త మిషన్‌లో లేకపోతే, వీఎం స్టార్ట్ కానని మొండికేస్తుంది. ఇవాళే తీసెయ్యి. సాఫ్ట్‌వేర్ నడవడానికి గుచ్చే లైసెన్స్ డాంగుల్ పాత సర్వర్ యూఎస్‌బీకి గుచ్చి ఉంటే, దాన్ని పీకి స్టాండ్‌బైకి పెట్టాలని ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. నెట్‌వర్క్ బ్రిడ్జి (వీఎంని నెట్‌వర్క్‌కి కలిపేది) పేరు రెండు మిషన్లలోనూ ఒకటే ఉంచు. ప్రాసెసర్ టైపు 'హోస్ట్' (ఆ మిషన్ ప్రాసెసర్‌నే ఉన్నదున్నట్టు వీఎంకి చూపించేది) అని పెట్టకు. పాత ప్రాసెసర్ మీదికి వెళ్లినప్పుడు విండోస్ మొరాయించే అవకాశం ఉంది. కాస్త వేగం తగ్గినా ఎక్కడైనా నడిచే మామూలు టైపే మేలు.

లైవ్ రీస్టోర్ గురించి అడిగావు. బ్యాకప్ సర్వర్ నుంచి కావలసిన ముక్కలు తెచ్చుకుంటూ వీఎం వెంటనే లేస్తుంది, మిగతా డేటా వెనకాల వస్తూ ఉంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ మధ్యలో తెగిపోతే, లేచినప్పటి నుంచి రాసినదంతా పోతుంది. పైగా బ్యాకప్ సర్వర్‌లో మామూలు హార్డ్‌డిస్కులుంటే నత్తనడకే, అక్కడ ఎస్‌ఎస్‌డీ ఉండాలి. పాత రిపోర్టులు చూసుకోవడానికి వాడు. బిల్లింగ్‌కి మాత్రం ఆ పావుగంట ఆగడమే నయం.

ఇదంతా చేశాక ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్ మూశాక, గడియారం పెట్టుకుని స్టాండ్‌బై మీద రీస్టోర్ చేసి చూడు. ఒక జాగ్రత్త: రీస్టోర్ అవగానే స్టార్ట్ అయ్యే టిక్ తీసెయ్యి. ముందు నెట్‌వర్క్ కార్డుని డిస్కనెక్ట్ చేసి, అప్పుడు లేపు. లేకపోతే ఒకే ఐపీతో (నెట్‌వర్క్ చిరునామాతో) రెండు వీఎంలు లేస్తాయి, ఎనలైజర్లు (శాంపిళ్లు పరీక్షించే మిషన్లు) పంపే రిజల్టులు దేంట్లోకి పోతాయో దేవుడికే తెలియాలి. 'యునీక్' టిక్ పెడితే కొత్త మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) వస్తుంది. టెస్టుకి పెట్టు, నిజంగా అవసరం పడిన రోజు మాత్రం పెట్టకు. మ్యాక్ మారితే డీహెచ్‌సీపీలో (ఐపీలు పంచే ఏర్పాటులో) కేటాయించిన ఐపీ దక్కదు. లాగిన్ అయి ఒక పాత బిల్లు తెరిచి, ప్రింటు ప్రివ్యూ దాకా వెళ్లాకే గడియారం ఆపు. విండోస్ తెర కనిపించగానే అయిపోయిందనుకోవద్దు.

బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే ఎవరూ చదవలేని తాళం) పెట్టానన్నావు, మంచిదే. ఆ కీ ఇప్పుడు ఆ సర్వర్‌లోనే ఉంటుంది. సర్వర్ పోతే కీ కూడా పోతుంది, బ్యాకప్ ఉన్నా తెరవలేవు. కీని కాగితం మీద ముద్రించుకునే వీలుంది, రెండు ప్రతులు తీసి ఒకటి డాక్టరు గారి బీరువాలో, ఒకటి మీ ఇంట్లో పెట్టు.

డాంగుల్ దగ్గర ఇబ్బంది వస్తే ఫోన్ చెయ్యి. పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

పెదనాన్న