రెండేళ్ళ పిల్లలతో రెనైసాన్స్ ఫెయిర్‌కా? వెళ్ళండి, మధ్యాహ్నానికల్లా బయటపడండి

మీరు అడిగింది ఇదీ: ఉండేది డల్లాస్ దగ్గర, బాబుకి రెండున్నరేళ్ళు, ఇండియా నుంచి అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చి ఉన్నారు. టెక్సస్‌లోనే, పక్కనున్న వాక్సహాచీ ఊళ్ళో జరిగే స్కార్‌బరో రెనైసాన్స్ ఫెస్టివల్‌కి, అంటే పాతకాలపు ఇంగ్లీషు ఊరిలా వేషాలతో నడిచే సంతకి, వెళ్ళాలనుంది. అంత చిన్నవాడితో వెళ్ళడం దండగేమో, స్ట్రోలర్ నడుస్తుందా, పెద్దవాళ్ళు తినేవి దొరుకుతాయా, వేషాలు వేసుకోవాలా, ఎప్పుడు వెళ్ళాలి అని మీ సందేహాలు. మా పాపకి ఇంచుమించు అదే వయసున్నప్పుడు మా అమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం కాబట్టి చెబుతున్నాను.

దండగ కాదు, వెళ్ళండి. కాకపోతే టికెట్ కొన్నాం కదా అని మొత్తం చూసేయాలనుకుంటే మాత్రం ఎవరికీ సుఖం ఉండదు. గుర్రాల పోటీ, కత్తియుద్ధం, రాజుగారి ఊరేగింపు, ఇవన్నీ మనకి. ఆ వయసు పిల్లలకి వాటికన్నా గుర్రం తోక ఊపడం గొప్ప. మా పాప అన్నిటికన్నా ఎక్కువసేపు కదలకుండా చూసింది కమ్మరి కొలిమిని. ఇనుము ఎర్రబడటం, సుత్తి దెబ్బకి నిప్పురవ్వలు లేవడం, దాన్ని నీళ్ళలో ముంచగానే సుయ్యిమనడం. ఆ సుయ్యిమన్న ప్రతిసారీ ‘మళ్ళీ’ అంటుంది. పక్కన షో టైమ్ అయిపోతోందని మా ఆయన ఒకటే కంగారు. అమ్మ మాత్రం పాపతో పాటే నిలబడిపోయింది. వాళ్ళ ఊళ్ళో కొలిమి మూతపడి ఏళ్ళయిందట. నాగటి కర్రు ఎలా సాగగొట్టేవారో అక్కడే నాకు వివరంగా చెప్పింది, నేను ఎప్పుడూ విననిది. మేం చూడని షోల జాబితా పెద్దదే గానీ ఆ కొలిమి దగ్గర గడిపిన సమయానికి నాకు ఏ విచారమూ లేదు.

అత్తయ్యగారికి, మామయ్యగారికి ముందుగా ఇదేమిటో కాస్త చెప్పి తీసుకెళ్ళండి. లేకపోతే ‘వీళ్ళంతా ఎందుకిలా తయారయ్యారు’ అనే ప్రశ్నకి పార్కింగ్ నుంచి గేటు దాకా జవాబు చెప్పుకుంటూ నడవాలి. అమెరికాలో ఈ సరదా మొదలైంది 1963లో, లాస్ ఏంజిలస్‌లో. ఫిలిస్ ప్యాటర్సన్ అనే స్కూల్ టీచర్, ఆవిడ భర్త రాన్ కలిసి ఒక రేడియో స్టేషన్‌కి విరాళాలు పోగుచేయడం కోసం పాతకాలపు ఇంగ్లీషు సంత ఒకటి వేషాలతో సహా ఏర్పాటు చేశారు. అది జనానికి నచ్చి దేశమంతా పాకింది. స్కార్‌బరో 1981 నుంచి నడుస్తోంది. లోపల అడుగుపెడితే మీరున్నది 1533లో, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రాజ్యంలో. పక్కన రాణిగారు ఆన్ బొలీన్. (మూడేళ్ళ తర్వాత ఆవిడ తల తీయించింది ఆ రాజుగారే. ఇద్దరూ చెట్టాపట్టాలేసుకుని తిరుగుతుంటే ఆ సంగతి మనం గుర్తుచేయకూడదు.) సొంతానికి అలాంటి పదహారో శతాబ్దపు ఇంగ్లీషు ఊరు లేని దేశం కాబట్టి ఒకటి కట్టుకున్నారు, పాపం.

మామయ్యగారికి చరిత్ర ఇష్టమైతే ఇంకో మాట చెప్పండి. హెన్రీ గద్దె ఎక్కింది 1509లో. మన శ్రీకృష్ణదేవరాయలు పట్టానికొచ్చింది కూడా ఆ ఏడాదే. మా అమ్మకి ఈ ముక్క చెప్పాక ఇక ఆవిడ చూపే మారిపోయింది. కనిపించిన ప్రతిదానికీ ‘అప్పుడు హంపీలో అయితేనా’ అని మొదలుపెట్టింది. రాజుగారి కిరీటం కూడా ఆవిడకి ఆనలేదు.

ఇక స్ట్రోలర్ సంగతి. మాల్‌లో తిప్పే చిన్న చక్రాల మడతబండి వద్దు. లోపల దారులు కంకర, మట్టి, అక్కడక్కడ చెట్ల వేళ్ళు. పెద్ద టైర్లున్నదైతే పర్వాలేదు. చాలామంది లాగే వ్యాగన్ తెచ్చుకుంటారు, బాబు నిద్రపోతే అందులో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు కూడా. అయినా బేబీ క్యారియర్ ఒకటి దగ్గర పెట్టుకోండి, జనం కిక్కిరిసిన చోట చక్రాలున్నదేదీ ముందుకు సాగదు. వాన పడ్డ మర్నాడైతే స్ట్రోలర్ కారులోనే వదిలేయండి. వాక్సహాచీ చుట్టుపక్కలంతా నల్లరేగడి నేల, ఒకప్పుడు పత్తికి పేరున్న ప్రాంతం. గుంటూరు వాళ్ళకీ ఆదిలాబాద్ వాళ్ళకీ వేరే చెప్పక్కర్లేదు, తడిసిన రేగడి చక్రాన్ని పట్టుకుంటే వదలదు. పార్కింగ్ గడ్డిమైదానంలో ఉంటుంది, అసలు బురద అక్కడే. కారులో పాత తువ్వాలు, పిల్లాడికి ఇంకో జత బూట్లు ఉంచండి.

గేటు పదింటికి తెరుస్తారు. పదింటికే అక్కడుండండి. నేను చెప్పే వాటిలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించండి. మొదటి గంటన్నరలో దారులు ఖాళీగా ఉంటాయి, వేషగాళ్ళు ఓపికగా ఉంటారు, పిల్లాడూ ఓపికగా ఉంటాడు. మధ్యాహ్నానికి ఈ మూడూ ఉండవు. పొద్దున జనం తక్కువగా ఉన్నప్పుడు ఆ రాజభటులు, దొరసానులు ఆగి మరీ పిల్లలతో మాట్లాడతారు. మా పాపకి ఒకాయన మోకాలి మీద కూర్చుని, టోపీ తీసి, ఏదో గంభీరమైన ప్రకటన చేశాడు. పాప బదులుగా తన చేతిలోని సగం కొరికిన బిస్కెట్ ఇచ్చింది. ఆయన దాన్ని రాజుగారు పంపిన కానుక తీసుకున్నట్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

గుర్రాల పోటీ, అదే జౌస్టింగ్, మామయ్యగారు తప్పక చూడాలి. కానీ పిల్లాడితో అయితే చివరి వరుసలో, ఎటైనా లేచి వెళ్ళిపోయే వీలున్న చోట కూర్చోండి. జనం ఒక్కసారిగా ‘హుజ్జా’ అని అరుస్తారు, గుర్రాలు ఎదురెదురుగా దూసుకొస్తాయి, బల్లెం టప్పున విరుగుతుంది. ఇలాంటి ప్రదర్శనల్లో చాలాచోట్ల బల్లెం కొన విరగడానికి వీలుగా తేలికపాటి చెక్కతోనే చేస్తారు, పడేవాడు పడటం నేర్చుకున్నవాడే. పెద్దవాళ్ళకి ఆ సంగతి తెలుసు, పిల్లలకి తెలియదు. యోధుడు కిందపడగానే చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే మా పాప మాత్రం ‘అంకుల్ పడిపోయాడు, బ్యాండ్‌ఎయిడ్ వెయ్యండి’ అని ఏడుపు లంకించుకుంది. ఎంత చెప్పినా ఆగదే. ఆట అయిపోయాక యోధులు కంచె దగ్గరికి వచ్చి పిల్లల్ని పలకరిస్తుంటే, పడ్డాయన దగ్గరికే తీసుకెళ్ళాం. సంగతి చెబితే ఆయన ఇనుప తొడుగు తీసి చెయ్యి చూపించాడు, దెబ్బ లేదని. పాప పరీక్షగా చూసింది. నమ్మలేదు. బ్యాగులోంచి బ్యాండ్‌ఎయిడ్ తీసి ఇచ్చాకే శాంతించింది. ఆయన అది మోచేతికి అంటించుకున్నాడు. అప్పట్లో పడటాలు నిజంవే లెండి. 1536 జనవరిలో హెన్రీ రాజే స్వయంగా ఇలాంటి పోటీలో గుర్రం మీంచి పడి ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు.

శబ్దాలకి బెదిరే పిల్లాడైతే చెవులకి పెట్టే ఇయర్‌మఫ్స్ తీసుకెళ్ళండి. కొన్ని ఫెయిర్లలో గేటు తెరిచేటప్పుడు ఫిరంగి కూడా పేలుస్తారు. వేటపక్షుల ప్రదర్శన ప్రశాంతంగా ఉంటుంది, డేగ తల మీదుగా ఎగిరితే చంటిపిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. మత్స్యకన్యలు ఉన్నచోటికి వెళితే అక్కణ్ణుంచి కదిలించడం కష్టం, అందుకని దాన్ని చివరికి పెట్టుకోండి. ఇంకొకటి జాగ్రత్త: వనదేవతల వేషంలో తిరిగేవాళ్ళు పిల్లల చేతిలో చిన్న గాజు బిళ్ళలూ మెరిసే రాళ్ళూ పెడుతుంటారు. ముచ్చటగా ఉంటుంది, ఆ వయసులో అది తిన్నగా నోట్లోకి వెళుతుంది. దేవత అటు తిరగగానే మీరు తీసేసుకోండి.

పెద్దవాళ్ళతో ఉన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. కొన్ని హాస్య ప్రదర్శనల్లో బూతు జోకులు ఉంటాయి. బాబుకి ఒక్క ముక్క అర్థం కాదు, అత్తయ్యగారికి అర్థమవుతుంది. షెడ్యూల్ కాగితంలో పెద్దలకి మాత్రమే అని గుర్తు ఉన్నవి వదిలేయండి, గుర్తు లేనివాటికీ వెనక వరుసే క్షేమం. బీరు, వైన్ అన్నిచోట్లా అమ్ముతారు, సాయంత్రమయ్యేకొద్దీ ఆ సందడి పెరుగుతుంది. కొందరి బట్టలు చూసి మామయ్యగారు ఆకాశం వైపు చూడాల్సి రావచ్చు. మా అమ్మ అయితే ఓ అరగంట ముడుచుకుపోయి, తర్వాత ‘తిరునాళ్ళన్నాక అన్నీ ఉంటాయి’ అని తేల్చేసింది.

వేషాలు తప్పనిసరి కాదు. సగంమంది జీన్స్‌లోనే వస్తారు. వేసుకోవాలనిపిస్తే లోపల అద్దెకి దొరుకుతాయి గానీ పిల్లాడికి ఆ డబ్బు దండగ. అత్తయ్యగారు నూలు చీర కట్టుకుంటే చాలు. పట్టు వద్దు, ఆ దుమ్ముకి పాడైపోతుంది. మా అమ్మ వెంకటగిరి చీరలో వస్తే గేటు దగ్గరున్న వేషగాడు నడుం వంచి నమస్కరించి ‘దూరదేశపు మహారాణిగారికి స్వాగతం’ అని ఇంగ్లీషులో గొంతెత్తాడు. అమ్మ ఏమాత్రం తడబడకుండా తలపంకించి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి నడిచింది. బాబుకి లాల్చీ పంచె వేస్తారేమో, డైపర్ మార్చడం కష్టమవుతుంది, లాల్చీ పైజమా వేయండి. చెక్క కత్తి కొనిపెట్టమని పేచీ పెడతాడు. కొనండి, కాకపోతే బయటికొచ్చే ముందు కొనండి. చేతిలో కత్తి ఉన్న రెండేళ్ళవాడితో జనంలో నడిస్తే దారిపొడుగునా సారీలు చెప్పుకోవాలి.

తిండి గురించి. అందరి చేతిలో కనిపించేది టర్కీ లెగ్, ముంజేయంత ఉంటుంది. అసలు ఆ కోడి అమెరికా ఖండం నుంచి యూరప్‌కి వెళ్ళిందే కొలంబస్ తర్వాత. హెన్రీ కాలానికి అది ఇంగ్లండ్‌లో కొత్త వింత, ఇలా వీధిలో పీక్కుతినేది కాదు. పెద్దవాళ్ళు తినొచ్చు, బాగుంటుంది, ఉప్పు ఎక్కువ. బాబుకి మాత్రం పెట్టకండి. అందులో సన్నటి ముళ్ళలాంటి గట్టి నరాలుంటాయి, గొంతులో ఇరుక్కుంటాయి. శాకాహారులకి కాల్చిన మొక్కజొన్న, ప్రెట్జెల్, ఫ్రైస్ లాంటివి ఉంటాయి, ఆకలి తీరుతుంది గానీ భోజనం చేసినట్టుండదు. బ్రెడ్ గిన్నెలో పోసిచ్చే సూప్ కనిపిస్తే, కూరగాయలదే అయినా మాంసం నీళ్ళతో కాచారేమో అడగండి. బయటి తిండి మామూలుగా లోపలికి రానివ్వరు, చంటిపిల్లల ఆహారానికి సాధారణంగా ఇబ్బంది పెట్టరు. పెరుగన్నం, ఆవకాయ కారులో కూల్‌బాక్స్‌లో పెట్టుకుని బయటికొచ్చాక తినండి. మేమలాగే చేశాం. అమ్మ పార్కింగ్ గడ్డిలో దుప్పటి పరిచి కలిపి పెడుతుంటే, పక్క కారు దగ్గర కవచం విప్పుకుంటున్న కుర్రాడు ఇటే చూస్తున్నాడు. అమ్మ పిలిచి ఒక ముద్ద పెట్టింది. ఆవకాయ తగలగానే పాపం నీళ్ళ కోసం పరుగు. 1533లో హెన్రీ దేశంలోనే కాదు, మన దగ్గర కూడా మిరపకాయ అప్పుడప్పుడే అడుగుపెడుతోంది, పోర్చుగీసు ఓడల్లో. కాబట్టి ఆ అబ్బాయిది చారిత్రకంగా సరైన స్పందనే.

టికెట్ సంగతికొస్తే నాలుగేళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. కొంత చిల్లర నోట్లు ఉంచుకోండి, షో అయ్యాక కళాకారులు టోపీ పట్టుకుని తిరుగుతారు, వాళ్ళ సంపాదనలో అదే ముఖ్యభాగం. టాయిలెట్లకి ‘ప్రివీ’ అని బోర్డు ఉంటుంది, టాయిలెట్ అన్న మాట కోసం వెతుక్కోకండి.

ఒంటిగంట ప్రాంతంలో బాబు కళ్ళు నలుపుకుంటాడు. అప్పుడే బయల్దేరండి. డల్లాస్ దాకా ఆ ముప్పావుగంట కారులో పడుకుంటాడు, మీరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు. మీ ఇద్దరికీ సాయంత్రం దాకా ఉండాలనిపిస్తే ఇంకోసారి బాబుని అమ్మమ్మ నాన్నమ్మల దగ్గర వదిలేసి వెళ్ళండి, అది వేరే రకం సరదా.

ఎప్పుడు వెళ్ళాలని కూడా అడిగారు కదా. ఏప్రిల్ మొదట్లో మొదలై మే చివర మెమోరియల్ డే దాకా శని, ఆదివారాలు ఉంటుంది. ఏప్రిల్‌లోనే వెళ్ళండి. మేలో ఆ ఎండకి పిల్లలూ పెద్దవాళ్ళూ ఇద్దరూ తట్టుకోలేరు. ఏప్రిల్ అంటే ఉరుముల వాన భయం ఉంటుంది, అందుకని టికెట్ ముందే కొనకుండా రెండు రోజుల ముందు వాతావరణం చూసుకోండి. ఇక ఏప్రిల్ అనగానే మీ ఇంట్లో ఎవరో ఒకరు ‘పక్కనే ఎన్నిస్ ఊరు కదా, బ్లూబానెట్ పూలలో (టెక్సస్‌లో వసంతంలో పూసే నీలిపూలు) ఫోటోలు కూడా తీసుకుని వద్దాం’ అంటారు. ఆ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. పూలకి ఇంకో ఆదివారం వెళ్ళండి.