అమ్మానాన్నలకు అమెరికా టికెట్: నాన్-రీఫండబుల్ తీసుకోవచ్చా?

వచ్చే వేసవికి అమ్మానాన్నలను హైదరాబాద్ నుంచి పిలిపించుకోవాలి, నాన్-రీఫండబుల్ (మనం క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగిరాని) టికెట్ చవగ్గా దొరుకుతోంది, కొనవచ్చా అని ఒకరు అడిగారు. కొనండి. కానీ ఎయిర్‌లైన్ సొంత సైటులోనే కొనండి. టికెట్ ఏ రకమన్న దానికన్నా ఎవరి దగ్గర కొన్నామన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

మా అమ్మ టికెట్ సంగతి చెప్తాను. గల్ఫ్ మీదుగా డల్లాస్‌కు. ఫ్రెండెవరో లింకు పంపితే, కాస్త తక్కువ వస్తోందని మా తమ్ముడు విజయవాడ నుంచి ఒక బుకింగ్ సైటులో కొన్నాడు. ప్రయాణం దగ్గర పడ్డాక మెయిల్ వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరాల్సిన మొదటి విమానం ముందురోజు సాయంత్రానికి మారిందట. అంటే అమ్మ రాత్రంతా ఆ గల్ఫ్ ఎయిర్‌పోర్టులో ఒంటరిగా కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులు, షుగరు, తెలుగు తప్ప వేరే భాష రాదు. వీల్‌చైర్ వాళ్లు ఏదో గేటు దగ్గర దింపేసి వెళ్లిపోతే బాత్‌రూమ్ ఎటో కూడా ఎవరినీ అడిగే వీలుండదు. మెయిల్ కింద రెండే బటన్లు: ఒప్పుకోవడం, క్యాన్సిల్ చేసుకోవడం.

సైటువాళ్లకు ఫోన్ చేస్తే, "క్యాన్సిల్ కొట్టండి మేడమ్, ఛార్జీలు పోగా మిగిలింది వస్తుంది" అన్నారు. చాలామంది నష్టపోయేది ఇక్కడే. మనంతట మనం క్యాన్సిల్ చేస్తే వాళ్ల కోతలు పడతాయి. ఎయిర్‌లైన్ టైం మార్చినందుకు మనం వద్దంటే లెక్క వేరు. అమెరికాకు వచ్చిపోయే విమానాలకు అక్కడి రవాణా శాఖ 2024లో రూలు పెట్టింది. అంతర్జాతీయ ప్రయాణంలో బయలుదేరే టైం 6 గంటలో అంతకన్నా ఎక్కువో ముందుకు జరిగినా, చేరే టైం అంత ఆలస్యమైనా, ఆ మార్పు వద్దన్నవాళ్లకు పూర్తి డబ్బు ఇచ్చేయాలి. టికెట్ నాన్-రీఫండబుల్ అయినా సరే. వోచర్ ఇచ్చి సరిపెట్టడానికి వీల్లేదు. క్రెడిట్ కార్డుతో కొంటే 7 పనిదినాల్లో రావాలి.

నేను ఏ బటనూ నొక్కలేదు. తమ్ముడి చేత కార్డు స్టేట్‌మెంట్ తీయించాను. డబ్బు తీసుకున్నది సైటు కాదు, ఎయిర్‌లైనే. స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరుంటే ఆ రూలు ప్రకారం తిరిగివ్వాల్సింది వాళ్లే. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే మొదట "మీ ఏజెంటును అడగండి" అన్నారు. "నేను క్యాన్సిల్ చేయడం లేదు. మీరు మార్చిన టైం మాకు వద్దు. ఇన్‌వాలంటరీ రీఫండ్ (మన తప్పు లేకుండా, వాళ్ల మార్పు వల్ల ఇవ్వాల్సిన డబ్బు) ఇవ్వండి" అని అదే మాట మీద నిలబడ్డాను. పాత టికెట్టూ కొత్త టైమున్న మెయిలూ పక్కపక్కన పెట్టి పంపాను. సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చాక పని జరిగింది. కోత లేకుండా మొత్తం కార్డులో పడింది.

ఎయిర్‌లైన్ దగ్గరే కొనమనడానికి ఇంకో కారణం ఉంది. ప్రయాణానికి 7 రోజులో అంతకన్నా ఎక్కువో ముందు నేరుగా వాళ్ల దగ్గర అమెరికా టికెట్ కొంటే, 24 గంటల్లో పైసా పోకుండా క్యాన్సిల్ చేసుకోవచ్చు, లేదా అదే రేటుకు 24 గంటలు ఆపి పెట్టుకోవచ్చు; ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎయిర్‌లైన్ ఇవ్వాలి. ఏజెంటు సైట్లకు ఈ రూలు వర్తించదు.

టికెట్ ముందే ఉంటే వీసా సులువుగా ఇస్తారని చెప్పే చుట్టాలను మాత్రం వినకండి. వీసా చేతికి రాకుండా ప్రయాణం ఖరారు చేసుకోవద్దని అమెరికా ప్రభుత్వమే చెబుతుంది. వీసా రాలేదంటే నాన్-రీఫండబుల్ టికెట్ డబ్బు మామూలుగా తిరిగి రాదు. ఎంతమంది తల్లిదండ్రుల డబ్బు ఇలా పోయిందో తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

ఫేర్ రూల్స్ (టికెట్ షరతులు) లింకు ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా తెరిచి, 'నో-షో' (చెప్పకుండా విమానం ఎక్కకపోవడం) అన్న చోట ఏం రాశారో చదవండి. వెళ్లలేమని తెలిస్తే విమానం కదలకముందే చెప్పాలి. రానుపోను టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మామూలుగా మిగతావి కూడా రద్దవుతాయి. 'టాక్సులు' కింద చూపించే మొత్తంలో ఎయిర్‌లైన్ వేసుకున్న సర్‌ఛార్జ్ (అదనపు రుసుము) కూడా చాలాసార్లు కలిసి ఉంటుంది. అది పన్ను కాదు, తిరిగి వస్తుందని లెక్క వేసుకోకండి.

బుకింగ్‌లో ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఇవ్వండి. ఏజెంటువి ఉంటే టైం మారిన సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది.