జనవరిలో దేవమాలి మీద మంచు కురుస్తుందా? ఏ రోజు వెళ్తే కనిపిస్తుంది?

కురవదండి. విశాఖ నుంచి పిల్లలతో దేవమాలి వస్తున్నామని, మంచు కురిసే రోజు ముందే తెలుసుకునే వీలుందా అని అడిగారు. దేవమాలి ఉన్న ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఆకాశం నుంచి మంచు రాలదు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో మీరు చూసిన తెలుపు రెండింటిలో ఒకటై ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారేసరికి గడ్డి మీద గడ్డకట్టే మంచు ఒకటి. మార్చి నుంచి మే దాకా గాలివానల్లో పడే వడగళ్లు రెండోది. వీడియోలో జనం చొక్కాలతోనే తిరుగుతూ, చెట్ల కింద చిరిగిన పచ్చి ఆకులు రాలి ఉంటే అవి వడగళ్లే. మొదటిది మాత్రం నిజంగా చూడదగ్గది. దానికి రోజు ఎంచుకోవచ్చు కూడా.

కురవకపోవడానికి కారణం ముందు చెప్తాను, రోజు ఎంచుకోవడం దాన్నుంచే తెలుస్తుంది. జనవరిలో మన అక్షాంశాల్లో గాలి సున్నా డిగ్రీలకు చేరేది సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైన. దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరమే, అయినా 1672 మీటర్లు. పైన మబ్బులో మంచు రేకులు పుట్టినా, రెండు వేల మీటర్లకు మించి వెచ్చటి గాలిలో దిగి రావాలి. కిందికొచ్చేసరికి అవి వాన చినుకులే. దీనికి తోడు మా వైపు చలీ మబ్బూ కలిసి రావు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మబ్బు కమ్మిందంటే రాత్రి వెచ్చబడుతుంది, ఎందుకంటే నేల వదిలే వేడిని మబ్బు మళ్లీ కిందికే పంపుతుంది. మబ్బు విడిపోయి, ఉత్తరం నుంచి పొడిగాలి తిరిగాకే చలి ముదురుతుంది. కాబట్టి ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో "మబ్బు, చిరుజల్లు" అని కనిపిస్తే మంచు పడుతుందేమోనని ఆశపడి బయల్దేరకండి. మా కొండల్లో అన్నిటికన్నా వెచ్చటి రాత్రులు అవే.

మీకు కావాల్సింది మబ్బు, గాలి రెండూ లేని పొడి రాత్రి. డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాటిన వారం దాకా ఇలాంటివి ఎక్కువ. వాన తగ్గిన మర్నాడే రాకండి. నేలలో తడి ఉంటుంది కనుక ఆ రాత్రి పొగమంచు పట్టేస్తుంది. పొగమంచు ఒకసారి పట్టాక చలి ముదరడం దాదాపు ఆగిపోతుంది. రెండు మూడు రోజులు ఎండ కాసి, నేల పైపైన ఆరాక అవకాశం పెరుగుతుంది.

సాయంత్రం ఆరు గంటలకు యాప్‌లో డ్యూ పాయింట్ చూడండి. గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే తేమ నీటిబొట్లుగా మారుతుందో అదే ఆ అంకె. నీటిబొట్లు కట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది. అందుకే రాత్రి చలి సాధారణంగా ఆ అంకె దగ్గరకొచ్చి నెమ్మదిస్తుంది. అది 10, 12 ఉంటే పొద్దున మీకు దొరికేది తడిగడ్డి, పొగమంచు. 4 లేదా అంతకన్నా తక్కువ ఉండి, గాలి ఆగిపోయి, చుక్కలు స్పష్టంగా కనిపిస్తుంటే మాత్రం అలారం పెట్టుకుని పడుకోండి. ఇది చూడకుండా "కనిష్ఠం 5" అన్న ఒక్క అంకె పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువగా నిరాశపడుతున్నారు.

"5 డిగ్రీలుంటే గడ్డ ఎలా కడుతుంది?" అని కూడా అడిగారు. వాతావరణ కేంద్రం వాళ్లు ఉష్ణోగ్రత కొలిచేది నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, నీడ పెట్టెలో. గాలి ఆడని రాత్రి గడ్డి కొసలు ఆ అంకె కన్నా మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. పెట్టెలో 4 ఉన్నప్పుడు గడ్డి మీద సున్నా రావడం అందుకే. మీరే చూడాలనుకుంటే వైరు ప్రోబ్ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటరు చాలు. ముందు గ్లాసులో దంచిన ఐసు నిండా వేసి, కొంచెం నీళ్లు పోసి, కలిపి, ప్రోబ్ ఐదు నిమిషాలు ఉంచండి. సున్నా చూపించాలి. 1 చూపిస్తే తర్వాత వచ్చే ప్రతి అంకెలోంచీ 1 తీసెయ్యండి. రాత్రి ప్రోబ్‌ని రెండు పంగల పుల్లల మీద, నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తున, గడ్డి కొసలకు ఆనేలా పెట్టాలి. చూరు కింద, చెట్టు కింద, బండి పక్కన పెడితే లాభం లేదు. పైన ఆకాశం బాహాటంగా కనిపించాలి.

ఏ వస్తువు మీద పడుతుందనేది కూడా ముఖ్యమే. రాతి మీదా తారు రోడ్డు మీదా వెతక్కండి. అవి పగలు తాగిన వేడిని కింద నుంచి రాత్రంతా ఇస్తూనే ఉంటాయి. గడ్డికుప్ప పైభాగం, కోసిన వరి మొదళ్లు, ఎండుగడ్డి, జీపు టాపు: ఇవి పల్చగా ఉండి నేల వేడికి దూరంగా ఉంటాయి కనుక ముందు తెల్లబడతాయి. ఎండుగడ్డి పరిచి దాని మీద స్టీలు పళ్లెం బోర్లిస్తే పిల్లలకు పొద్దున చేత్తో గీకి చూపించొచ్చు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ముందు నీటిబొట్టుగా కట్టి తర్వాత గడ్డకట్టినది గాజుపూసలా గుండ్రంగా, పారదర్శకంగా ఉంటుంది. గాలి మరీ పొడిగా ఉన్న రాత్రి నీరు కాకుండా ఆవిరి నుంచే నేరుగా కట్టినది మాత్రం సన్నటి తెల్ల ముళ్లుగా, ఆకు అంచుల వెంబడి నిలబడి ఉంటుంది.

చోటు విషయంలో అందరూ శిఖరానికే పరిగెడతారు. పగటిపూట ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వంద మీటర్లకూ సుమారు 0.65 డిగ్రీ తగ్గే మాట నిజమే. కొండ కింది సాలూరు 120 మీటర్లు, కొండపైన ఉన్న సిమిలిగుడ 900 మీటర్లు అనుకుంటే మధ్యాహ్నం ఐదు డిగ్రీల తేడా అక్కడే వచ్చేస్తుంది. గాలి ఆడని రాత్రి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. చల్లగాలి బరువు, వాలు వెంబడి జారి గెడ్డ (వాగు) పక్క పల్లాల్లో చేరుతుంది. శిఖరం మీద గాలి ఆడుతూ పై వెచ్చదనాన్ని కలుపుతుంటుంది. యాప్‌కి ఈ తేడాలు పట్టవు. అది కొన్ని కిలోమీటర్ల గడికి ఒకే సగటు ఎత్తు వేసుకుని లెక్క కడుతుంది. కాబట్టి తెల్లవారుజామున పొట్టంగి, సిమిలిగుడ చుట్టుపక్కల వరి కోసిన పల్లపు మళ్లు చూసి, ఎండెక్కాక దేవమాలి ఎక్కండి, బండి దాదాపు పైదాకా పోతుంది. అన్నిటికన్నా చలి సూర్యోదయం వేళ, అంటే జనవరిలో సుమారు ఆరున్నరకి. ఎండ తగిలిన అరగంటలో తెలుపంతా నీరైపోతుంది. కొండ నీడ పడే పడమటి పక్క ఇంకొంతసేపు నిలుస్తుంది. రైతు మడి గట్టు మీద నుంచే చూడండి. బంగాళాదుంప, చిక్కుడు ఆకులు గడ్డకట్టినప్పుడు తొక్కితే మొక్క దెబ్బతింటుంది. అసలే మంచుకి ఆకు మాడి వాళ్లు నష్టపోతుంటారు.

దారి గురించి గట్టిగా చెప్తున్నాను. ఆరున్నరకి ఇక్కడుండాలని అర్ధరాత్రి సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కకండి. ముందురోజు వెలుతురుండగానే వచ్చి సిమిలిగుడలోనో కోరాపుట్‌లోనో బస చెయ్యండి. యాభై మీటర్ల లోపే కనిపిస్తే వాతావరణ శాఖ దాన్ని అతి దట్టమైన పొగమంచు అంటుంది. ఘాట్ మలుపుల్లో అంత దూరంలో ఎదురొచ్చే లోడు లారీకి బ్రేకు అందదు. దారిలో పొగమంచు పట్టేస్తే హైబీమ్ వెయ్యకండి, వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు చాలు. ఎడమ అంచు గీత చూసుకుంటూ నడపండి. బండి కదులుతుండగా నాలుగు ఇండికేటర్లూ వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. లోపల అద్దం మసకబడితే ఏసీ ఆన్‌లోనే ఉంచి వేడి గాలి అద్దం మీదకు తిప్పండి. తేమ లాగేది ఏసీయే.

గదిలో చలికి బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించుకోవడం మాత్రం వద్దే వద్దు. గుడారంలో అసలు వద్దు. పొగ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, తలనొప్పి, వాంతి వచ్చేసరికే లేచే శక్తి పోవచ్చు. పిల్లల మీద ముందు పనిచేస్తుంది. బదులుగా కింద మందంగా పరుచుకోండి. పై దుప్పట్లు రెండున్నా కింద పల్చటి చాప ఒక్కటే ఉంటే చలి నేల నుంచే ఎక్కుతుంది. చెవులకి టోపీ, కాళ్లకి పొడి సాక్సు మరో జత పెట్టుకోండి. గడ్డిలో తిరిగితే బూట్లు తడుస్తాయి.

ఇక రేకులుగా కురిసే మంచునే పిల్లలకు చూపించాలంటే సిక్కిం ఆలోచించండి. గ్యాంగ్‌టక్ కూడా ఇంచుమించు దేవమాలి ఎత్తే, ఊళ్లో మంచు పడటం అరుదు. అక్కడి నుంచి 3753 మీటర్ల చాంగు చెరువు దాకా వెళ్లాలి. జనవరి నుంచి మార్చి వరకు దొరికే అవకాశం ఎక్కువ. పర్మిట్ తప్పనిసరి, స్థానిక ట్రావెల్ ఏజెంటు ద్వారా తీసుకోవాలి. ఆ ఎత్తుకి పిల్లలు తట్టుకోవడానికి ముందు గ్యాంగ్‌టక్‌లో ఒకటి రెండు రాత్రులు ఉండండి. మంచు ఎక్కువ పడితే రోడ్డు మూసేస్తారు కనుక చేతిలో ఒక రోజు అదనంగా పెట్టుకుని తిరుగు టిక్కెట్లు తీసుకోండి.